కోత పండుగకు పెట్టిన నవల

నేను బస్సు కండక్టర్‌ని. బోధన్ నుంచి నిజామాబాద్, నిజామాబాద్ నుంచి బోధన్. డ్యూటీ చార్టు రాసేవాళ్లకు నా మీద ప్రేమ పుట్టిన రోజున కోటగిరి కూడా. ఇలాంటి మనిషి నవల రాస్తోందంటే వినేవాళ్ల మొహంలో ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వు నాకు అలవాటైపోయింది. "నవలంటే సీరియల్ లెక్కనా మేడం?" అని ఒకావిడ అడిగితే అవునన్నాను. ఎడపల్లి స్టేజీ వచ్చేలోగా అంతకంటే వివరంగా చెప్పడం కుదరదు.

రాయడానికి నాకున్న కారణం ఒక్కటే, మా అక్క. నేను నెలల పిల్లగా ఉన్నప్పుడు అక్కకు పదేళ్లు. అమ్మా బాపూ చెరుకు కోతకు పోతే నన్ను చంకన వేసుకుని గట్టు మీద కూర్చునే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి అక్క అయింది. బడి మానేసింది. తర్వాత నేను బడికి పోయాను, కాలేజీకి పోయాను, ఖాకీ చొక్కా వేసుకున్నాను. అక్క ఈ రోజుకీ పరాయి పొలంలో నాట్లు వేస్తుంది, సంతకానికి బదులు వేలిముద్ర వేస్తుంది. ఇది తలచుకుంటే తిన్నది ఒంటపట్టదు. చంకన పిల్లతో చెరుకు తోట గట్టున కూర్చున్న పదేళ్ల పిల్ల కథ రాస్తే నా మనసు కుదుటపడుతుందనుకున్నాను. అక్కకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

మొదటి రెండేళ్లు ఒక్క వాక్యం కూడా రాయలేదు. తయారవుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది, మా వైపు చెరుకు తోటలు చాలావరకు వరి మళ్లయ్యాయి. కానీ కోతకు పోయిన ముసలివాళ్లు ఇంకా బస్సెక్కుతున్నారు. టికెట్ కొట్టాక పక్కన నిలబడి అడిగేదాన్ని. గడను ఎక్కడ పట్టుకుని ఎక్కడ నరుకుతారు, మోపు దేనితో కడతారు, కోసిన చెరుకు రెండు రోజులు ఎండలో పడి ఉంటే ఏమవుతుంది. చీటీల మీద రాసి సంచిలో వేసుకునేదాన్ని. సంచి నిండింది, ఇంకో సంచి పెట్టాను. చెరుకు గురించి ఇంత తెలిసిన కండక్టర్ ఈ జిల్లాలో ఉండదని కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఒక రోజు బాపుతో కలిసి కోతకు పోయిన పెద్దమనిషి ఒకాయన ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి పర్మిట్ వస్తేనే తోటలో కత్తి పడేది. నేను మళ్లీ పర్మిట్ గురించే అడిగాను. ఆయనకు విసుగొచ్చింది.

"మొన్న అడిగినవు, గిప్పుడు అడుగుతున్నవు. నీ బాపు పర్మిట్ రాకముందే కత్తి నూరి పెట్టుకునేటోడు బిడ్డా. వచ్చినంక సాన ముట్టకపోయేది. నువ్వు ఇంక నూరుతనే ఉన్నవు."

మాట గుచ్చుకుంది. ఆ మర్నాడే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను.

నిజామాబాద్ బస్టాండులో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. మాకు ఒక విశ్రాంతి గది ఉంది, ఫ్యాను ఉంది, ఫ్యాను కింద నిద్రపోయే డ్రైవర్లున్నారు. ఒక మూల కూర్చుని రాసేదాన్ని. హారన్ వినపడితే వాక్యం ఎక్కడుంటే అక్కడ వదిలేసి లేవాలి. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత అదే మేలైంది. సగంలో వదిలిన వాక్యం ట్రిప్పంతా బుర్రలో తిరుగుతూ ఉండేది, మళ్లీ కూర్చునేసరికి మిగతా సగం తయారుగా ఉండేది. చీటీల సంచులు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. రాసేటప్పుడు వాటిని విప్పి చూసింది రెండు మూడు సార్లే. రెండేళ్ల శ్రమ కదా అని పారెయ్యలేదు, అంతే.

ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. వాళ్లు తిరగడం నాకు సంతోషమే, మా అక్క కూడా తిరుగుతుంది. కానీ బస్సు ఆలస్యం, ఇరవై నిమిషాలు కాస్తా ఏడెనిమిది. మూడో నోట్‌బుక్ మధ్యలో ఆగిపోయాను. మొదట టైం లేదనుకున్నాను, తర్వాత ఎండలనుకున్నాను, ఆ తర్వాత పెన్ను మంచిది కాదనుకున్నాను. పెన్ను మార్చాను. పెన్నుది తప్పు కాదు.

మాది మెథడిస్టు కుటుంబం. మా ఊరు కోటగిరి దారిలో ఉంటుంది, అక్క ఉండేది అక్కడే, మా చర్చి అక్కడే. నేను బోధన్‌లో ఉంటాను కానీ సెలవు దొరికితే కూటానికి అక్కడికే పోతాను. ఇళ్లల్లో జరిగే ఆ ప్రార్థన కూటాల్లో చివర మనవులు అడుగుతారు. ఒకరు మోకాలి నొప్పి అంటారు, ఒకరు కూతురి సంబంధం అంటారు. ఒక ఆదివారం నా వంతు వచ్చినప్పుడు నోరు ఊరుకోక, "ఒక పుస్తకం రాస్తున్న, అది ఒడ్డెక్కాలె" అన్నాను. పాస్టరు అయ్యగారి భార్యను మేం అమ్మగారంటాం. "ఎప్పటిదాంక అయితదమ్మా?" అని ఆమె అడిగింది. తెలియదు అనాల్సింది. కోత పండుగ దాకా అన్నాను.

"అయితె ఈసారి నీ ప్రథమ ఫలం గదే తీస్కరా" అంది ఆమె. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ పడ్డాక మాట వెనక్కి తీసుకోవడం మావాళ్లలో లేదు.

కోత పండుగ అంటే పంట చేతికొచ్చే రోజుల్లో మా చర్చిలో జరిగే ఆరాధన. ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఇంకా చెరుకు వేస్తున్నవాళ్లుంటే నిలువెత్తు గడలు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ ఆవరణలో వేలం పాడతారు. జీతం తీసుకునేవాళ్లు కవర్ ఇస్తారు. నేను ఇన్నేళ్లూ కవర్ ఇచ్చిన మనిషినే, వస్తువు పెట్టింది ఎన్నడూ లేదు.

ఆ కూటం తర్వాత బస్సులో నాకు మనశ్శాంతి పోయింది. మా ఊరివాళ్లు ఎవరెక్కినా "అయిందా?" అనే అడుగుతారు. కూర వండావా అన్నట్టు అడుగుతారు. ఇంతమంది కాపలా ఉంటే రాయక చస్తానా, రాశాను. పొద్దున డ్యూటీకి ముందు అరగంట, బస్టాండులో ఏడు నిమిషాలు, సెలవు రోజున రెండు పూటలు. మూడో నోట్‌బుక్ పూర్తయింది, నాలుగోది కూడా పూర్తయింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏమవుతుందో నాకు తోచలేదు. పెంచి పెద్దచేద్దామంటే చెయ్యి ఆడదు. గట్టు మీద కూర్చోబెట్టి ఊరుకుందామంటే మనసొప్పదు. పండుగ వచ్చేసింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక కొత్త నోట్‌బుక్ తెచ్చి అడుగున పెట్టి, అయిదూ కలిపి సుతిలితో కట్టాను. కట్ట లావుగా కనిపించింది. తీసుకుపోయి గుమ్మడికాయల పక్కన పెట్టాను. కొత్త బండి తాళాలు పెట్టి ప్రార్థన చేయించుకుని మళ్లీ జేబులో వేసుకుంటారు చూడండి, ఇదీ అలాగే అనుకున్నాను.

ఆరాధన అయ్యాక బయటకు వచ్చి నలుగురితో మాట్లాడుతున్నాను. వేలం పాడించే సంఘపెద్ద ఒక కోడిని ఇచ్చేసి, తర్వాత నా కట్టను పైకెత్తాడు.

"ఇగో, పుస్తకాలు. అయిదున్నయి. మన కండక్టరమ్మ పెట్టింది. పాడుండ్రి."

నేను జనాన్ని తోసుకుంటూ పోయాను. "అవి వేలానికి కాదన్నా. ప్రార్థన చేపిద్దామని పెట్టిన."

"దేవుని ముందట పెట్టినంక ఇంక నీదేడిది సెల్లె" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. అందరి గుమ్మడికాయలకూ ఉన్న నియమమే నా నవలకూ.

అక్క పని చేసే పొలం ఆసామి అక్కడే ఉన్నాడు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి చేసుకుంటున్న కుటుంబం. హిందువులే, కానీ ఆయన ఏటా మా వేలానికి వచ్చి ఏదో ఒకటి పాడుకుపోతాడు, మంచి మనిషి. ఆయన కట్ట అడుగు నుంచి ఒక నోట్‌బుక్ కొంచెం బయటికి లాగి వేలితో తిరగేశాడు. అంతా తెల్లగా ఉంది.

"కాయితం బాగుందండీ. మా మనవళ్లకి రఫ్ పుస్తకాలకి పనికొస్తాయి" అని పాట మొదలుపెట్టాడు.

ఇంకో కాపీ లేదు. ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోమని మా డ్రైవర్ పదిసార్లు చెప్పాడు. రోజుకు వందలమందికి సామాను చూసుకోండమ్మా అని చెప్పే మనిషిని, నా సామాను చూసుకోలేదు. పోనీ నేనే పాడదామంటే, ఎవరు పెట్టిన వస్తువు వాళ్లు పాడుకోవడం మా దగ్గర మర్యాద కాదు. ఇచ్చి వెనక్కి లాక్కున్నట్టు అవుతుంది. నా నాలుగు నోట్‌బుక్కుల్లో ఆయన మనవళ్లు వేయబోయే గుణకారాలు, బొమ్మలు, మీసాలు అప్పుడే కళ్ల ముందు కనిపించాయి నాకు.

వెనక నుంచి ఒక గొంతు పాట పెంచింది. చూస్తే అక్క. ఆసామి ఇంకొంచెం పెంచాడు. అక్క ఇంకా పెంచింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వేం చేసుకుంటావమ్మా ఇవి?"

"నాకు పనున్నది. మీరు ఇడువుండ్రి" అంది అక్క.

అక్క ఏనాడూ ఆయనకు ఎదురు చెప్పగా నేను వినలేదు. ఆయన కూడా విని ఉండడు. తల ఊపి ఊరుకున్నాడు. కట్ట అక్క చేతికి వచ్చింది. నా ప్రాణం లేచివచ్చింది. ఆవరణ దాటకముందే అక్క దగ్గరికి పోయి చెయ్యి చాపాను.

"ఇయ్యి అక్కా. బతికించినవు."

"ఎందుకియ్యాలె? నేను పాడుకున్న."

"నీకు సదువస్తదా అక్కా?"

నోరు జారింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. అక్క మాత్రం కట్టను కొంగులో చుట్టుకుంటూ, "నీకస్తది గద. అచ్చి సదువు" అంది.

ఆ విధంగా నా రాతప్రతి మా అక్క ఇంట్లో బైబిలు పక్కన గూట్లోకి చేరింది. సెలవు రోజున మధ్యాహ్నం నేను పోయేదాన్ని. అక్క గడపలో కూర్చుని గోంగూర తుంచుతూనో బియ్యం ఏరుతూనో ఉండేది, నేను చదివేదాన్ని. రాసేటప్పుడు గొప్పగా ఉందనుకున్న వాక్యాలన్నీ అక్క ముందు చదువుతుంటే నోట్లో అడ్డం పడేవి. వాటిని అక్కడికక్కడే కొట్టేసేదాన్ని. ఒకచోట కోతకు పోయే ఆడవాళ్లు చేతుల నిండా గాజులతో వరసగా నడిచినట్టు రాశాను.

"గాజులు ఏడ కనవడ్తయి?" అంది అక్క. "సెరుకాకు సేతులు కోస్తది. అందరం మొగోళ్ల పాత అంగీలే తొడుక్కునేది, సీర మీద. అమ్మకు బాపుది, ఖాకీది ఉండె."

రెండు సంచుల చీటీల్లో ఈ ముక్క లేదు. మగవాళ్లనే అడిగాను మరి, వాళ్లకు ఆ చొక్కాలు గుర్తుండవు.

ఆ పిల్ల ఎవరో అక్కకు మొదటి రోజే తెలిసింది. చంకలో పిల్ల ఎవరో కూడా తెలిసింది. అయినా చదవమనే అంది. రెండో నోట్‌బుక్ చివర బడి మానిపించే అధ్యాయం ఉంది. తండ్రి పలకను అటక మీద పెట్టేస్తాడు, పిల్ల ఏడుస్తుంది, తల్లి పసిపిల్లను తెచ్చి దాని ఒళ్లో పెడుతుంది. నవల మొత్తం ఆ అధ్యాయం కోసమే రాశాను. అది చదివాను. అయిపోయాక అక్క చేటను పక్కన పెట్టింది.

"గిట్ల కాలే" అంది. "నన్ను ఎవలు మానిపియ్యలె. బాపు పొమ్మనే అన్నడు. నేనే ఇడిశిన. బడి అంటె నాకు బుగులు. నిన్ను ఎత్తుకుని కూసుంటె పాణం హాయిగుండె."

నాకు సంతోషం కలగాలి. కోపం వచ్చింది. ఇన్నేళ్లు మోసిన బరువును దించమని నేను ఎవర్నీ అడగలేదు. ఆ బరువు ఉంది కాబట్టే బస్టాండు గదిలో ఏడు నిమిషాలు కూడా వృథా చెయ్యకుండా రాశాను. అది అబద్ధమైతే నాలుగు నోట్‌బుక్కులు దేనికి? నాకు పనుందని అక్కకు చెప్పి లేచి వచ్చేశాను. తర్వాత మూడు సెలవులు పోలేదు. విశ్రాంతి గదిలో డ్రైవర్ల పక్కన నేనూ కుర్చీలో తల వాల్చి నిద్రపోయాను. బాగానే నిద్రపట్టింది, అది ఇంకా బాధ. ఊరివాళ్లు "అయిందా?" అంటే అయిందనే చెప్పాను.

నాలుగో వారం అక్క బోధన్‌లో నా బస్సే ఎక్కింది. చేతిలో సంచి ఉంది. ఉచిత టికెట్ కొట్టి ఇస్తూ, "నిజామాబాదుల ఏం పని అక్కా?" అన్నాను.

"నీతోనే పని" అంది.

దారంతా నిలబడే వచ్చింది. నిజామాబాద్‌లో జనం దిగిపోయారు, డ్రైవర్ చాయ్‌కి పోయాడు. అక్క దిగకుండా ఒక సీట్లో కూర్చుని, సంచిలోంచి అడుగు నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది.

"నేను అయిదు పుస్తకాలకు పాడిన. నాలుగింట్లనే కథున్నది. గిది ఖాళీ."

"నీకెట్ల తెలుసు?"

"తెల్లకాయితం నాకు గూడ తెలుస్తది పిల్లా. రాయి."

"ఏం రాయాలె?"

"గా పిల్లను బడికి తోలు."

"నువ్వే ఇడిశిన అన్నవు గద" అన్నాను.

అక్క కిటికీలోంచి బయట ఆగి ఉన్న బస్సుల వైపు చూసింది. "నేను ఇడిశిన. గా పిల్ల ఎందుకు ఇడువాలె?"

ఆ రోజు గడపలో బడంటే భయమని అక్క చెప్పింది నా బరువు దించడానికేనని అప్పుడు తెలిసింది. నా వయసు నలభై దాటింది, ఈ మాత్రం తెలియడానికి ఇంతకాలం పట్టింది. కళ్లలో నీళ్లు నిండాయి. మొహం తిప్పుకుని పెన్ను తీశాను. రాయడం కష్టం కాలేదు. పిల్ల పొద్దున్నే మొహం కడుక్కుంటుంది, పలక కడిగి ఎండలో ఆరబెడుతుంది, కాలువ గట్టు వెంట నడుస్తుంది, ముందు వరుసలో కూర్చుంటుంది. టీచర్ హాజరు పిలుస్తుంది, పిల్ల లేచి నిలబడి పలుకుతుంది. పేజీ నిండింది. చదివి వినిపించాను. అక్క కళ్లు మూసుకుని విన్నది. ఇంకోసారి చదవమంది, చదివాను.

"సంకల పిల్ల ఏది?" అంది కళ్లు తెరిచి.

"లేదు."

"మరి ఎవలు పట్టుకున్నరు?"

"ఎవరు లేరు అక్కా. పిల్ల ఉంటె ఇది బడికెట్ల పోతది? అందుకే ఆ పిల్ల పుట్టనే లేదన్నట్టు రాసిన."

అక్క నా మొహంలోకి చూసింది. డ్రైవర్ వచ్చి సీట్లో కూర్చున్నాడు, జనం మళ్లీ ఎక్కుతున్నారు.

"అట్లయితె కొట్టెయ్యి" అంది.

"మంచిగున్నది గద అక్కా."

"మంచిగనే ఉన్నది. కొట్టెయ్యి. పిల్లను దాని సంకల పెట్టు."

హారన్ మోగింది. నేను పేజీ మీద అడ్డంగా గీత గీశాను. పలక, కాలువ గట్టు, ముందు వరుస, అన్నీ పోయాయి. అక్క చూస్తుండగానే, గీత కింద మిగిలిన చోట రాశాను: చంకలో పిల్ల ఏడ్చింది. పదేళ్ల పిల్ల దాన్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, గట్టు మీద కూర్చుంది.